మూడో కౌంటర్లో పచ్చచుక్క

మా వీధి మలుపులో చవక బజారు తెరిచిన రోజున, నా కుట్టుమిషను ఇక పాత ఇనపసామానువాడికి ఇచ్చుకోవాల్సిందేనని అందరూ నా మీద జాలిపడ్డారు. నేనూ కాసేపు పడ్డాను. నేను చొక్కా కుట్టడానికి తీసుకునే కూలికి అక్కడ చొక్కానే వస్తుంది. కానీ జరిగింది వేరు. ఆ చొక్కాల గుండీలు నాలుగు ఉతుకులకే రాలిపోతాయి. ఆ ప్యాంట్లు ఎవరి కాళ్ళకీ సరిపోవు. జేబులో తాళంచెవి వేస్తే అది నేల మీద తేలుతుంది. జనం వాటిని పట్టుకుని రోడ్డు దాటి నా దగ్గరికే వస్తారు. అందుకని ఆ బజారును తిట్టే హక్కు నాకు సగమే ఉంది. ఆ సగాన్ని మాత్రం నేను రోజూ కడుపునిండా వాడుకుంటాను.

నా కొట్టు గుమ్మంలో కూర్చుంటే ఎదురుగా ఆ బజారు అద్దాల గోడ, దాని వెనక వరసగా బిల్లు కౌంటర్లు కనిపిస్తాయి. మూడో కౌంటరు బిల్లక్కది. ఆమె అసలు పేరు చొక్కాకి తగిలించిన బిళ్ళ మీద ఉంటుంది గానీ, దాన్ని చదివే ఓపిక వీధిలో ఎవరికీ లేదు. బిల్లు కొట్టే అక్క కనక బిల్లక్క. వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు, ఆమె పలుకుతుంది. నలభై దాటిన మనిషి, పొట్టి, జుట్టు ఒక్క వెంట్రుక ఎగరకుండా వెనక్కి బిగించి కడుతుంది. భర్త లారీ నడుపుతాడు. ఇంట్లో ఉన్నప్పుడు నిద్రపోతుంటాడు, లేనప్పుడు ఎక్కడున్నాడో ఫోను చేసి చెబుతుంటాడు. ఆయన సంపాదన ఇంటి అద్దెకూ అప్పుల వాళ్ళకూ పోతే, పొయ్యి వెలిగేది బిల్లక్క జీతంతోనే.

అంతకుముందు ఆమె వీధి చివర పాత కొట్లో పొట్లాలు కట్టేది. ఆ కొట్టాయన నోరు మంచిది కాదు. కూర్చోవడానికి పీట ఇచ్చేవాడు గానీ సెలవు అనే మాట ఎత్తితే ఒంటికాలి మీద లేచేవాడు. ఆయనింట్లో ఎవరికైనా ఒంట్లో బాగోక కొట్టు మూస్తే అదే సెలవు. జీతం ఆయనకి గుర్తొచ్చినప్పుడు ఇచ్చేవాడు. చవక బజారు వాళ్ళు మనుషులు కావాలని బోర్డు పెట్టగానే అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది బిల్లక్కే.

"రెండింట్లో ఏది నయమే?" అని ఒకసారి అడిగాను.

"అక్కడ కూర్చోబెట్టి తిట్టేవాడు, ఇక్కడ నిలబెట్టి నవ్వుతారు. జీతం మాత్రం చెప్పిన రోజుకి పడుతుంది వదినా, అబద్ధం ఎందుకు చెప్పాలి," అంది.

నిలబెట్టడం అంటే నిజంగానే నిలబెట్టడం. కౌంటర్ల వెనక కుర్చీలు లేవు. కూర్చుంటే కొనడానికి వచ్చినవాళ్ళకి బద్ధకంగా కనిపిస్తుందట. బిల్లుల దగ్గర రద్దీ తగ్గితే అరల్లో సరుకు సర్దాలి. సరుకు సర్దడం అయితే నేల తుడవాలి. ముగ్గురి పని ఒకళ్ళు చేస్తున్నారు కాబట్టే సబ్బు ఆ ధరకి వస్తోందని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. ఆ చొక్కాల సంగతీ అంతే. కుట్టు చివర దారం ముడి వెయ్యకుండా వదిలేసి ఉంటుంది. కుట్టినావిడకి ముడి వెయ్యడం రాక కాదు, వేస్తే తరవాతి చొక్కాకి ఆలస్యమవుతుంది. ఆవిడ ఎక్కడుంటుందో నాకు తెలీదు. ఆవిడ వెయ్యని ముళ్ళు వేస్తూ నేను బతుకుతున్నాను.

బిల్లక్క నా కొట్టుకి వచ్చేది బట్టలు కుట్టించుకోవడానికి కాదు, కూర్చోవడానికి. పని దిగగానే రోడ్డు దాటి వచ్చి, బూట్లు విప్పి, కత్తిరింపు ముక్కల మూట మీద కాళ్ళు చాపుతుంది. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి ఉంటాయి. నేను చూడనట్టు సూదిలో దారం ఎక్కించుకుంటాను. ఆమె నోట్లో నాలుక లేని మనిషి అని వీధిలో అనుకుంటారు గానీ, ఆ మూట మీద కాళ్ళు పెట్టాక నాలుక వస్తుంది. ఎవరు పాతికసార్లు ధర అడిగి చివరికి అగ్గిపెట్టె కొన్నారో, ఎవరు ఆకలికి బిస్కట్లు అక్కడే తినేసి ఖాళీ కాగితం బిల్లుకి పెట్టారో, అన్నీ చెప్పి నవ్విస్తుంది.

చుక్క గురించి చెప్పిన రోజున మాత్రం నవ్వలేదు.

కొనేవాళ్ళకి కూడా బిల్లు కనిపించే తెర మూలన ఒక చుక్క ఉంటుంది. మొదటి వస్తువు బీప్ మన్న దగ్గర్నించి డబ్బు పెట్టెలో పడేదాకా ఎంతసేపు పట్టిందో, ఆలోపల ఎన్ని వస్తువులు కొట్టారో మిషను చూసుకుంటుంది. తొందరగా అయితే చుక్క పచ్చగా వస్తుంది, కాస్త ఆలస్యమైతే పసుపు, ఇంకా ఆలస్యమైతే ఎరుపు. ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య ఖాళీ కూడా అది వదలదు. నెలాఖరుకి చుక్కలన్నీ కూడతారు. ఎర్రవి ఎక్కువైతే ఉద్యోగం తియ్యరు, అంత మొరటు మనుషులు కారు. గంటలు తీస్తారు. వచ్చే నెల పని గంటలు సగం చేసి ఇస్తారు. జీతం గంటల లెక్క కనక, సగం గంటలతో బతకలేక మనిషే మానేస్తుంది. ఎవర్నీ తీసేశామన్న మాట వాళ్ళకి రాదు.

"ఒకటో కౌంటరు పిల్లని అలాగే పంపించారు," అంది బిల్లక్క. "ఇవాళ ఇస్త్రీబాబు నన్ను పిలిచాడు. ఈ నెల నావి ఎర్రవి ఎక్కువున్నాయట. నెలాఖరులోపల సర్దుకోకపోతే నాకూ సగమే."

ఇస్త్రీబాబు అంటే అక్కడి మేనేజరు. చొక్కా ఎప్పుడూ మడత నలగకుండా ఉంటుందని ఆ పేరు నేనే పెట్టాను. మంచివాడే పాపం, ఆయన చుక్కలు ఆయనకి పైనున్నవాళ్ళు చూస్తుంటారు.

"అయినా నీ చెయ్యి అంత చురుకు కదా, ఎర్రవి ఎందుకొస్తున్నాయి?" అన్నాను.

బిల్లక్క పిక్కలు నొక్కుకుంది. తరవాత, "అమ్మ వస్తోంది కదా రోజూ," అంది.

ఆమె తల్లి పక్క వీధిలో కొడుకు దగ్గర ఉంటుంది. కొడుకూ కోడలూ బాగానే చూసుకుంటారు, ఆ విషయంలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. కానీ కూతురు కావాలి ఆవిడకి. బిల్లక్క పనిలోకి వచ్చే వేళకి ఆవిడ ఇంకా లేవదు, పని దిగే వేళకి చీకటి పడుతుంది. చీకట్లో ఆవిడకి గుమ్మం కూడా కనిపించదు. వారంలో ఒక సెలవు ఉందిగానీ అది ఏ రోజు ఇస్తారో ముందు రోజుదాకా తెలీదు. వచ్చిన ఆ ఒక్క రోజూ బిల్లక్క ఇంట్లో గుట్టగా పడున్న చాకిరీతోనే అయిపోతుంది. అందుకని ఆ తల్లి ఒక ఉపాయం కనిపెట్టింది. పగటిపూట చేతికర్ర పట్టుకుని బజారుకి వచ్చి, ఒక సబ్బు తీసుకుని, మూడో కౌంటరు వరసలో నిలబడుతుంది. వంతు రాగానే మొదలుపెడుతుంది. తిన్నావా, కాళ్ళ నొప్పులెలా ఉన్నాయి, అల్లుడు ఫోను చేశాడా, ఆ జుట్టుకి నూనె పెట్టుకోకూడదూ అని. మాటల మధ్యలో బొడ్లోని గుడ్డసంచీ బయటికి తీస్తుంది. దాని మూతికి కట్టిన తాడు ఆవిడే ముడివేసింది, ఆవిడకే విడదు. ఆ ముడి విప్పేలోపల చుక్క పచ్చ నుంచి పసుపు, పసుపు నుంచి ఎరుపు అయ్యి, వెనకవాళ్ళు గొణగడం మొదలవుతుంది. ఆవిడ కొన్న సబ్బులన్నీ పేరిస్తే కొడుకింట్లో ఒక అడ్డగోడ కట్టుకోవచ్చు.

"అమ్మ ఒక్కతేనా?" అన్నాను.

"ఒక్కతేనా అంటావేంటి వదినా. వీధి మొత్తం నా వరసలోనే నిలబడుతుంది. మనమ్మాయి అని. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా పిలిస్తే వెళ్ళరు. నిలబడి కబుర్లు చెప్తారు. ఏమనను వాళ్ళని? అభిమానంతో వస్తే పొమ్మంటానా?"

ఆ సంగతి నేను మేడమీద పిన్ని చెవిన వేశాను. మేడమీద పిన్ని నా కొట్టుకి పైనున్న వాటాలో ఉంటుంది. ఆవిడకి చెబితే ఇక మైకు అక్కర్లేదు. మర్నాటికల్లా వీధి వీధంతా నా కొట్టు ముందు చేరింది. పదవీ విరమణ చేసిన మాస్టారు కూడా వచ్చారు. ఆయన ఏ విషయానికైనా ముందు గొంతు సవరించుకుంటారు.

"అసలు ఆ బజారుకి మనం వెళ్ళడమే తప్పు," అన్నారు మాస్టారు. "మనుషుల్ని పిండి చవగ్గా అమ్ముతున్నారు. ఆ చవకలో మన వాటా ఉంది. అందరం కలిసికట్టుగా మానేద్దాం. అప్పుడు దిగొస్తారు."

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నేను కూడా తలూపాను.

"మానేసి ఎక్కడ కొందాం మాస్టారూ?" అంది మేడమీద పిన్ని.

"పాత కొట్లో కొందాం. ధర కాస్త ఎక్కువైతేనేం?"

"ఆ కొట్లో తూకం వేసే పెద్దాయనకి జ్వరమొచ్చినా సెలవివ్వడండీ. మొన్న గోనెల మీదే పడుకుని ఉన్నాడు, నేనే చూశాను. అక్కడ పిండేది మనుషుల్ని కాదా?"

మాస్టారు మళ్ళీ గొంతు సవరించుకున్నారు. ఇంతలో వెనకనుంచి బిల్లక్క మాట వినిపించింది. పని దిగి ఎప్పుడొచ్చిందో, బూట్లు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"మీరందరూ మానేస్తే బజారు మూసెయ్యరు మాస్టారూ. మనుషుల్ని తగ్గిస్తారు. ముందు నన్నే తీస్తారు," అంది. ఆ తరవాత ఇంటికి వెళ్ళిపోయింది, కూర్చోకుండానే.

ఆమె వెళ్ళాక మేడమీద పిన్నికి ఆలోచన వచ్చింది. ఆవిడకి ఆలోచన వస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. "అయితే తిరగేసి చేద్దాం. మానడం కాదు, అందరం దాని దగ్గరికే వెళ్దాం. ఒక్కో వస్తువుకీ ఒక్కో బిల్లు కొట్టిద్దాం. పది వస్తువులు కొంటే పది బిల్లులవుతాయి. ఇన్ని బిల్లులు కొట్టిందా ఈ మనిషి అని వాళ్ళే నోరెళ్ళబెడతారు. గంటలు తగ్గించడం కాదు, పెంచుతారు."

చుక్క సంగతి పిన్నికి నేను చెప్పిందే. కానీ ఆవిడ బుర్రలో అది బిల్లుల లెక్కగా దిగింది. ఎక్కువ బిల్లులు కొట్టిన మనిషి ఎక్కువ పని చేసినట్టే కదా అని అందరికీ తోచింది. పొట్లాల లెక్కన పని చూసే కొట్లే అందరూ చూసినవి. నిమిషాల లెక్క ఎవరి తలకీ ఎక్కలేదు.

శనివారం పొద్దున్నే బయల్దేరారు. నేను మిషను దగ్గర కూర్చుని అద్దాల్లోంచి చూస్తున్నాను. మూడో కౌంటరు వరస అరల మధ్యదాకా పాకింది. రెండో కౌంటరు, నాలుగో కౌంటరు ఈగలు తోలుకుంటున్నాయి. మేడమీద పిన్ని ముందు నిలబడింది. బకెట్టు ఒక బిల్లు, మగ్గు ఒక బిల్లు, సాక్సులు ఒక బిల్లు. ప్రతి బిల్లుకీ విడిగా డబ్బు తీసి, చిల్లర తీసుకుని, సంచీలో వేసుకుని, మళ్ళీ సంచీ తెరిచి. దారం కొనే నెపంతో నేనూ లోపలికి వెళ్ళాను.

"పిన్నీ, అన్నీ కలిపి కొట్టేస్తానే," అంటోంది బిల్లక్క మెల్లిగా. వెనక ఇస్త్రీబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వద్దు వద్దు. విడివిడిగానే కొట్టు. నీకెందుకు, నువ్వు కొడుతూ ఉండు," అని పిన్ని కన్ను కొట్టింది.

చుక్క ఎరుపు. మళ్ళీ ఎరుపు. వెనకున్న మాస్టారు కూడా రెండు పెన్సిళ్ళకి రెండు బిల్లులు అడిగారు. ఆయన మానేద్దామన్నది గురువారం.

అది చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడే పిన్నిని రెక్క పట్టుకుని ఈడ్చుకొద్దామనిపించింది. కానీ వరసలో ఉన్నవాళ్ళ మొహాలన్నీ వెలిగిపోతున్నాయి. మన పిల్ల కోసం మనం నిలబడ్డామని ఎంత సంతోషమో ఒక్కొక్కళ్ళకీ. ఆ మొహాలకేసి బిల్లక్క నవ్వింది. సాయంత్రందాకా నవ్వుతూనే ఉంది.

పని దిగాక నా కొట్టుకొచ్చి మూట మీద కాళ్ళు కూడా పెట్టలేదు. స్టూలు మీద కూర్చుని, "నా కొంప ముంచారు వదినా," అంది. "ఇన్నేళ్ళలో ఇన్ని ఎర్రచుక్కలు ఒక్క రోజున ఎప్పుడూ రాలేదు. ఇక నెలాఖరుదాకా ఒక్కటి కూడా రాకూడదు. వస్తే సగం గంటలే. ఇస్త్రీబాబు తన చేతిలో లేదన్నాడు. నిజంగానే లేదు."

"వీధిలో వాళ్ళకి నేను చెప్తాను. ఒక్కళ్ళు నీ వరసలో నిలబడితే కాళ్ళు విరగ్గొడతాను."

"అమ్మకి కూడా చెప్పు."

"అది నువ్వు చెప్పాలి."

"నా వల్ల కాదు. నేను చెప్తే ఏడుస్తుంది. నువ్వు చెప్తే నిన్ను తిట్టుకుంటుంది. అదే నయం కదా," అంది బిల్లక్క. నవ్వుదామని చూసింది గానీ రాలేదు. అరచేతులతో మొహం కప్పుకుని అలాగే కూర్చుంది. నేను మిషను ఆపాను. ఏడ్చేదాన్ని ఊరుకోమనడం నాకు చేతకాదు, మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను.

వీధికి చెప్పడం తేలికే. కాస్త గట్టిగా చెప్పాను, మేడమీద పిన్ని వారంపాటు నాతో మాట్లాడలేదు, వీధిలో ఆ వారమంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో. మాస్టారు మాత్రం ఆ బజారు గడప తొక్కనని నా ముందే ఒట్టు పెట్టుకున్నారు. తరవాత వాళ్ళావిడ ఆయన కొత్త ప్యాంటు పొడుగు తగ్గించమని తెచ్చింది. దాని నడుము పట్టీలో ఆ బజారు లేబులు ఉంది. నేను ముందు ఆ లేబుల్ని కత్తిరించేశాను.

బిల్లక్క తల్లికి చెప్పడమే కష్టమైంది. ఆవిణ్ణి నేను అత్తయ్యా అంటాను. ఆవిడ కర్ర పొడుచుకుంటూ బజారు మెట్ల దాకా వచ్చేసరికి ఎదురెళ్ళి కొట్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. కర్ర మీద గడ్డం ఆనించి విన్నది.

"అయితే పక్క కౌంటర్లో నిలబడమంటావా?" అంది.

"అక్కణ్ణుంచి కూడా కనిపిస్తుంది కదా అత్తయ్యా."

"అంత దూరం నుంచి నాకు నా కాళ్ళే కనిపించవు," అంది. తరవాత, "ఆ చుక్క పచ్చగా రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోపల లేచి నా కత్తిరింపు బల్లకి అవతల నిలబడింది. "నువ్వే మా అమ్మాయివనుకో. నేర్పు," అంది.

అలా మొదలైంది. ముందు ఆ గుడ్డసంచీ పారేయించాను. మూతికి తాడు లేకుండా, చిటుక్కున తెరుచుకునే నొక్కుడు గుండీ పెట్టి, లోపల చెయ్యి మొత్తం పట్టేంత వెడల్పుగా కొత్త సంచీ కుట్టాను. కాజాలకి కూడా కంగారుపడని దాన్ని, ఆ గుండీ కుడుతుంటే రెండుసార్లు వేలికి పొడుచుకున్నాను. సబ్బు వెనక నల్లగీతలున్న వైపు బిల్లు కొట్టేవాళ్ళకి ఎదురుగా ఉండేలా పట్టుకోవాలని చూపించాను. సరిపడా డబ్బు వరసలో ఉండగానే గుప్పిట్లో పెట్టుకోవాలి. ఎప్పుడూ అదే సబ్బు కనక అదేమంత కష్టం కాలేదు. ఆవిడ బల్ల మీద సబ్బు పెట్టగానే నేను బీప్ అనేదాన్ని. డబ్బా లోంచి మూడు గుండీలు తీసి పెట్టుకున్నాను, పచ్చది, పసుపుది, ఎర్రది. ఆవిడ పని అయ్యేసరికి ఏది రావాలో అది పైకెత్తి చూపించేదాన్ని.

చేతులు తొందరగానే నేర్చుకున్నాయి. నోరు నేర్చుకోలేదు. సబ్బు పెట్టి, డబ్బు ఇచ్చి, సరిగ్గా ఆఖరున "తిన్నావా?" అనేది. నేను ఎర్రగుండీ ఎత్తేదాన్ని.

"అదేంటే, ఒక్క మాటేగా."

"మీరు అడిగితే తను జవాబు చెప్పాలి. తిన్నానంటే ఏం తిన్నావంటారు."

"అంటానేమో," అని ఒప్పుకుని మళ్ళీ మొదటికి వెళ్ళి నిలబడేది. పెదవి కరుచుకుని చూసింది, లాభం లేకపోయింది. ఒకరోజు ఒక్కసారిగా పచ్చగుండీ వచ్చింది, ఆ తరవాతా పచ్చే వచ్చింది. ఎలా కుదిరిందని అడిగాను.

"మొహం చూస్తే అడక్కుండా ఉండలేకపోతున్నానే అమ్మాయ్. అందుకని నీ మొహం చూడటం మానేశాను. గుండీనే చూస్తున్నాను," అంది. కొత్త ఆట నేర్చుకున్న పిల్లలాగా ఉంది ఆవిడ.

బజారుకి వెళ్ళిన రోజు వెంట నేనూ వెళ్ళాను. చేతిలో దారపురీలు పట్టుకుని ఆవిడ వెనక నిలబడ్డాను. వరసలో తల్లిని చూడగానే బిల్లక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నాకేసి చూసింది, చెప్పలేదా అన్నట్టు. నేను తల అటు తిప్పుకున్నాను. వంతు వచ్చింది. గీతలు సరిగ్గా ఎదురుగా పెట్టి సబ్బు అందించింది తల్లి. బీప్ మంది. గుప్పిట విప్పి డబ్బు పెట్టింది. పెట్టె మూతపడింది. ఆవిడ కళ్ళు తెర మూలనే ఉన్నాయి. చుక్క పచ్చగా వచ్చింది.

"థాంక్యూ, మళ్ళీ రండి," అంది బిల్లక్క. అందరికీ అలా అనాలని వాళ్ళకి రూలు. అనకపోతే దానికీ ఏదో ఉంటుంది.

తల్లి సబ్బు తీసుకుని, ఒక్క మాట అనకుండా, కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నెలాఖరుదాకా మూడో కౌంటర్లో ఆవిడ వల్ల ఒక్క ఎర్రచుక్క కూడా రాలేదు. వీధిలో వాళ్ళు కూడా పక్క వరసల్లో నిలబడి, బిల్లక్క కేసి దూరం నుంచి తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. కొత్త నెల పని గంటలు గోడకి అంటించిన రోజున బిల్లక్క నా కొట్టుకొచ్చి మూట మీద కాళ్ళు చాపింది. గంటలు ఒక్కటి కూడా తగ్గలేదు. ఇస్త్రీబాబు మెచ్చుకున్నాడట కూడా.

"అమ్మకి చెప్పు వదినా," అంది.

చెప్పడానికి మర్నాడు ఆవిడతో పాటే వరసలో నిలబడ్డాను. లోపల చెప్పడానికి వీల్లేదు కదా, బయటికి వచ్చాక మెట్ల మీద చెప్పాను. ఆవిడ ఆగిపోయి, కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించింది. ఎవరికి జోడించిందో తెలీదు, ఎదురుగా నా కొట్టు మాత్రమే ఉంది.

"ఇవాళ కూడా పచ్చే కదా వచ్చింది?" అంది.

"పచ్చే అత్తయ్యా."

"నేనూ చూశాను. ఇక దాని పొయ్యికి ఢోకా లేదు." ఒక మెట్టు దిగి మళ్ళీ ఆగింది. "అది ఎలా ఉందే అమ్మాయ్? ఏమైనా చిక్కిందా? నేను చుక్కే చూస్తాను కదా, దాన్ని చూసి ఎన్ని రోజులైందో."

"బాగానే ఉంది అత్తయ్యా," అన్నాను.

నిజానికి ఆ రోజు నేనూ దాని మొహం చూడలేదు. నా వంతు వచ్చేసరికి దారపురీలు మీద నల్లగీతలు ఎటున్నాయో వెతుక్కుంటున్నాను.